కుళాయి చప్పుడు

హాస్టల్లో అందరూ ఆమెను వసపిట్ట అనేవారు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. అలాంటిదాన్ని తీసుకెళ్లి యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ వాళ్లు చాట్ లైన్ దగ్గర కూర్చోబెట్టారంటే వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. దిగులుపడ్డ విద్యార్థులు పేరు చెప్పకుండా తమ గోడు రాస్తారు. ఇటువైపు మరో విద్యార్థి ఓపిగ్గా జవాబు రాస్తుంది. అక్కడ పనిచేస్తున్నట్టు బయట చెప్పకూడదు. చిత్రమేమిటంటే, ఆ ఒక్క రహస్యాన్నీ వసపిట్ట కడుపులోనే దాచుకుంది. రూమ్మేట్‌కి కూడా లైబ్రరీలో పని దొరికిందనే చెప్పింది.

ఆ రూమ్మేట్‌కి పిల్లి అని పేరు. నడిస్తే అడుగుల చప్పుడు వినబడేది కాదు.

ఒక సాయంత్రం తెరమీద ఎవరో అమ్మాయి రాసింది. "మా రూమ్మేట్ రోజూ వాళ్లమ్మతో ఫోన్లో పగలబడి నవ్వుతూ మాట్లాడుతుంది. దాని తప్పేం లేదు, పాపం మంచిదే. మా అమ్మ పోయిందని ఇక్కడెవరికీ చెప్పలేదు నేను. ఆ నవ్వు వినలేక స్నానాల గదిలోకెళ్లి కుళాయి తిప్పుకుని కూర్చుంటాను. పోనీలెండి."

వసపిట్ట వేళ్లు ఆగిపోయాయి. మాటమాటకీ 'పోనీలే' అనేది ఆమెకు తెలిసి ఒక్క పిల్లే. సాయంత్రమయ్యేసరికి స్నానాల గదిలో కుళాయి చప్పుడు తను రోజూ వింటున్నదే. పిల్లికి శుభ్రం పిచ్చి అని అందరికీ చెప్పి నవ్వించింది కూడా.

రాసేది తెలిసినవాళ్లని అనుమానం వస్తే చాలు, వెంటనే పక్కవాళ్లకి కుర్చీ ఇచ్చి లేవాలి. కౌన్సెలర్ మేడం మొదటిరోజే ఖరాఖండిగా చెప్పిన మాట అది. వసపిట్ట లేవలేదు. తన గురించి ఇంకేమంటుందో వినాలన్న పాడు ఆశ.

"ఆ అమ్మాయి మీద మీకు కోపమా?" అని రాసింది.

"కోపం కాదండీ, అసూయ. చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది. మీరెవరో తెలీదు కాబట్టి రాయగలిగాను."

ఆ ప్రశ్న పిల్లి కోసం అడిగింది కాదు. ఆ సంగతి వసపిట్టకు తెలుసు.

పాపం కడుక్కోవాలని మర్నాటినుంచి అమ్మ ఫోను రాగానే వరండాలోకి పరుగెత్తేది. గొంతు తగ్గించి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. పిల్లి కొన్నాళ్లు చూసింది.

"వరండాలోకెందుకు వెళ్తున్నావ్?"

"నీ చదువుకి అడ్డమని..."

"ఇన్నాళ్లూ అడ్డం కాలేదే?"

వసపిట్ట చూపు స్నానాల గది తలుపు వైపు పోయింది. పిల్లి ఆమె మొహంలోకి చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి పాలిపోయింది.

"నేను రాసినప్పుడు అటువైపు కూర్చుంది నువ్వా?"

"నేనే. తప్పయిపోయిందే. పోల్చుకున్నాక కూడా లేవలేకపోయాను."

"నాకున్నది అదొక్కటే చోటు," అంది పిల్లి. ఈసారి పోనీలే అనలేదు. స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కుళాయి చప్పుడు మొదలైంది.

మర్నాడు వసపిట్ట మేడం దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేడం కేకలేస్తే బాగుండుననుకుంది. ఆవిడ కేకలెయ్యలేదు. "నువ్వు ఆ కుర్చీలోంచి తప్పుకున్నావని ఆ అమ్మాయికి తెలియాలి, లేకపోతే మళ్లీ రాయదు," అంది అంతే.

సాయంత్రం మళ్లీ కుళాయి చప్పుడు. వసపిట్ట తలుపు దగ్గర నిలబడింది.

"నేను మానేశాను. నువ్వు రాసింది ఇంకెవరికీ చెప్పలేదు, మేడంకి కూడా పేరు చెప్పలేదు. ఆ కుర్చీలో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. నా మొహం చూడకపోయినా సరే, అక్కడికి రాయడం మాత్రం మానకు."

చాలాసేపటికి నీళ్లు ఆగాయి. పిల్లి బయటికొచ్చి, కళ్లు తుడుచుకుని, బల్లమీది ఫోను అందుకుంది.

"కాసేపు బయటికెళ్తావా?"

వసపిట్ట వరండాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. లోపల ఎవరికి రాస్తోందో, రాస్తోందో లేదో తెలీదు. తెలుసుకోవాలని లేదు కూడా. అంతలో అమ్మ ఫోను మోగింది.

"ఏమే, ఈమధ్య రెండు ముక్కలకే పెట్టేస్తున్నావ్? ఇవాళ ఎత్తి హలో కూడా అనవేం? ఒంట్లో బాలేదా?"

వసపిట్ట వరండా గోడకి ఆనుకుని కూర్చుంది.

"నువ్వు మాట్లాడమ్మా," అంది. "నేను వింటాను."