డ్రైవరు పక్క

కూర్మన్నపాలెం జంక్షన్లో, టీకొట్టు జనమంతా చూస్తుండగా, అర్జునరావు రోజారమణి చేతిలోంచి కారు తాళం లాక్కున్నాడు. కారు అతనిది. ఆరేళ్లుగా దాన్ని టాక్సీగా నడుపుతున్నది ఆమె.

"కారు కుడిపక్కకి ఒరిగిపోనాది. డ్రైవరు సీటెటుంది? కుడిపక్కే కదా! నీ బరువుకే కుంగింది. రేపట్నించి సన్నంగున్న డ్రైవర్ని ఎట్టుకుంటాను."

టీకొట్టు దగ్గర ఎవడో పక్కున నవ్వాడు. రోజారమణికి చెవులు కాలిపోయాయి.

"ఆరేళ్లు మోసిన కారుకి నా బరువు ఇయ్యాలే తెలిసిందేటి? తప్పు నాదని మెకానిక్ వరహాలు సెప్తే, ఆ తాళం మళ్లీ ముట్టను. నడు షెడ్డుకి!"

షెడ్డులో వరహాలు కారుని చదునైన సిమెంటు నేల మీద పెట్టించి, ఇద్దర్నీ దించేశాడు. టైర్లలో గాలి సమానం చేశాడు.

"ఏటి బావ ఈ తంతు? కుడి స్ప్రింగు పోనాది. కళ్లకి కనపడతంది కదా" అన్నాడు అర్జునరావు.

"కళ్లకే కనపడితే నా షెడ్డు దేనికి?"

వరహాలు చీపురులోంచి ఒక పుల్ల లాగాడు. కుడి ముందు చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా ఆనించి, సరిగ్గా అక్కడికి తుంచాడు. అదే పుల్ల ఎడమపక్క పెట్టాడు. పుల్ల రెండు వేళ్లు తక్కువైంది.

"అదుగో! రెండు వేళ్లు కుంగించింది!" అర్జునరావు గెంతినంత పని చేశాడు.

రోజారమణి అతని చేతిలోని తాళం వైపు చూసింది. ఆ తాళం మీదే ఆమె ఇల్లు నడుస్తోంది.

ఆయిలు మార్చడానికొచ్చిన మరో కారు పక్కనే ఉంది, అచ్చం ఇలాంటిదే. వరహాలు పుల్ల తీసుకెళ్లి దాని ముందు చక్రాల మీద పెట్టాడు. కుడి సరిపోయింది. ఎడమా సరిపోయింది.

"కుడిపక్క ఎక్కడుండాలో అక్కడే ఉంది బావ. ఎడమపక్కే పైకి లేసింది. మొన్న గోతిలో పడి ఎడమ స్ప్రింగు విరిగితే కొత్తది ఎక్కడ ఏయించావు?"

"మా బామ్మర్ది షాపులో. నానే దగ్గరుండి ఏయించినాను."

వరహాలు చక్రాలు విప్పి, స్ప్రింగుల మీద మట్టి తుడిచాడు. కుడిదానికి తెల్ల చుక్క. ఎడమదానికి పచ్చ చుక్క.

"పచ్చ సుక్కంటే డీజిలు బండిది. నీ బామ్మర్ది అదే ఏసీసినాడు. బరువైన ఇంజనుకి సేసిన స్ప్రింగు ఇది. నీ పెట్రోలు బండి దీన్నేటి నొక్కుద్ది? రేపు సరైన జత తెప్పిస్తాను."

అర్జునరావు తాళమున్న చెయ్యి చాచి, నేల చూస్తూ గొణిగాడు. "సర్లే అమ్మా. పొరపాటైపోనాది."

"నా బరువు గురించి జంక్షనంతా ఇనపడేలా అరిసావు. ఇప్పుడు గొంతు పడిపోయిందేటి?"

వరహాలు చక్రాలు బిగించగానే ఆమె తాళం లాక్కుని ఎక్కింది. ఎడమపక్క తలుపు తోసి తెరిచింది.

"కూకో. ఈ పక్క పైకి లేపింది నువ్వే కదా, నువ్వే దించు."

టీకొట్టు ముందు కారాపి, అందరూ తలలు తిప్పేదాకా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"దిగు" అంది. "ఇప్పుడు సెప్పు, ఏ పక్క తప్పో."