కంచు పళ్ళెం పరీక్ష

శ్రీరంగ రాజా ఇంట్లో కుక్క ఈనిందంటే ఆ వీధి వీధంతా ఆయన కొట్టం ముందే ఉండేది. తెల్లటి ఒళ్ళు, గులాబీ ముక్కు, పిడికిట్లో పట్టే నడుం. ఆ తమిళనాటి ఊరి రాజపాళయం వేటకుక్కలంటే ఆయనకు ప్రాణం. మనుషుల మీద అంత ప్రేమ లేదు గానీ, ఆ సంగతి ఆయన మొహం మీద అనగలిగినవాడు ఊళ్ళో ఎవడూ లేడు.

పిల్లలకు నెల నిండిన రోజు పరీక్ష. ఆ తెల్లజాతిలో పుట్టుచెవుడు ఎక్కువ. పిల్లలన్నిటినీ కొట్టం ముందు వదిలి, వాటి వెనక నిలబడి ఆయన కంచు పళ్ళెం మీద ఇనుప గరిటెతో ఒక్కటి వేసేవాడు. తల తిప్పింది బతికినట్టు. తిప్పనిదాన్ని పనివాడు బాలుసామి గోనె గోతంలో వేసి, ఒక రాయి కూడా వేసి, పత్తిచేలో బావికి మోసుకుపోయేవాడు. అరగంటలో తడి గోతంతో తిరిగొచ్చి కాఫీ అడిగేవాడు.

రుక్మణి ఆయన మనవరాలు. ఏడో ఏట అమ్మవారు పోస్తే ఇరవై రోజులు వేపాకుల మీద పడుకుని లేచింది. లేచేసరికి ఇంట్లో అందరి గొంతులూ ఎక్కడికో వెళ్ళిపోయాయి. గట్టిగా అరిస్తే తప్ప ఏదీ అందడం లేదు, అందినది కూడా మాటలా లేదు. అమ్మతో చెబుదామనుకుంది. చెప్పేలోపే కుక్కపిల్లల పరీక్ష వచ్చింది.

ఆ రోజు ఒక పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి మిగతా పిల్లలన్నీ ఉలిక్కిపడి తలలు తిప్పాయి. ఏమిటా అని వెనక్కి చూస్తే, తాత చేతిలో గరిటె పళ్ళెం మీద పడుతోంది, లేస్తోంది. చప్పుడు మాత్రం ఎక్కడో పక్కవీధిలోది. ఒళ్ళోని పిల్ల ఆమె బొటనవేలు చప్పరిస్తూనే ఉంది. తాత వచ్చి దాన్ని మెడ పట్టుకుని ఎత్తాడు. బాలుసామి వైపు తిరిగి కదిలిన ఆయన పెదవులను రుక్మణి శ్రద్ధగా చూసింది. ఆమె జీవితంలో పెదవుల మీద చదివిన మొదటి మాట అదే.

"చెవిటిది మనకెందుకురా? తిండి దండగ."

ఇక అమ్మతో ఏం చెబుతుంది? ఆడపిల్లను గోతంలో వేయరని ఇప్పుడు పదకొండేళ్ళ రుక్మణికి తెలుసు. కానీ భయం పట్టుకున్నది ఏడేళ్ళప్పుడు, అది ఆమెతో పాటే పెరిగింది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల ఒక్క పనే చేస్తోంది. చెవులున్నట్టు నటిస్తోంది.

బడిలో పక్కపిల్ల పుస్తకం తెరిస్తే తానూ తెరిచేది, అందరూ లేస్తే లేచేది. పొడుగ్గా ఉందని వెనక బెంచీలో వేశారు. అక్కడి నుంచి పెదవులు కనబడవు. తమిళంలో సున్నా, లెక్కల్లో సున్నా. తాత బడికి దానమిచ్చిన కంచుగంట, మీద ఆయన పేరు చెక్కించిన గంట, మోగినా ఆమెకు తెలిసేది కాదు. మైదానంలో ఒక్కతే మిగిలిపోయేది. అలా మిగిలిన ప్రతిసారీ అరచేతుల మీద బెత్తం పడేది. రాజావారి మనవరాలు కదా, గంటంటే లెక్కలేదు అనేవారు అయ్యవార్లు. రుక్మణికి ఆ మాట నచ్చింది. పొగరుబోతుదాన్ని కొడతారు, అంతే కదా.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, నవంబరు నెల పిల్లల పండుగకి బడి కమిటీ పెద్దగా శ్రీరంగ రాజా మాలేయించుకుని మాట్లాడాడు. పిల్లలకు పెద్దలు తోడుండాలన్నాడు. వాళ్ళు చెప్పేది చెవిపెట్టి వినాలన్నాడు. చివరి వరసలో రుక్మణి అందరి చేతులూ చూసి, తానూ చప్పట్లు కొట్టింది.

ఆ ఏడే మంసాపురం నుంచి పుష్పం టీచర్ వచ్చింది. కొత్త మనిషి, ఇంకా పిల్లల మొహాలు చూసే అలవాటు పోలేదు. ఒకరోజు వెనక బెంచీ దగ్గర ఆమె చేతిలోని కర్రస్కేలు జారి పడింది. క్లాసంతా తిరిగి చూసింది, రుక్మణి తప్ప. టీచర్ స్కేలు తీసుకుని పాఠం కొనసాగించింది. సాయంత్రం అందరూ పోయాక ఆ పిల్లను ఆపి, పలక మీద రాసింది: నీకు వినపడదా? రుక్మణి ఆ అక్షరాలను ఉమ్మితో తుడిచి, బలపం విరిగేంత గట్టిగా రాసింది: వినపడుతుంది.

టీచర్ ఆ మాట నమ్మి ఊరుకుని ఉంటే బాగుండేది. మంచిమనిషి, ఊరుకోలేదు. ఆదివారం పొద్దున్నే శ్రీరంగ రాజా ఇంటికి వచ్చింది. రుక్మణి స్తంభం పక్కన, ఇద్దరి పెదవులూ కనబడేచోట నిలబడింది.

"అయ్యా, పాపకు చెవులు సరిగా వినపడవండి. మదురై పెద్దాస్పత్రిలో చూపించండి. అంతదాకా ముందు బెంచీలో కూర్చోబెడితే చాలు, నా నోరు చూసే చదువుకుంటుంది. చాలా తెలివిగల పిల్ల అయ్యా."

"మా ఇంట్లో చెవుడా?" తాత నవ్వాడు. "మీరు నిన్న వచ్చినారు టీచర్. మేము మూడు తలముఱలుగా, తాతల కాలం నుంచి, చెవులు చూస్తా ఉండాము. దీనికి మదురై దాకా ఎందుకు పోవాల?"

"మామా, ఒక్కసారి చూపిస్తే..." అంది తలుపు వెనక నుంచి రుక్మణి తల్లి ధనం.

"నువ్వు లోపలికి పో."

ధనం లోపలికి పోయింది. రెండేళ్ళుగా ఆమె కూతురి గడ్డం పట్టి మొహం తనవైపు తిప్పుకుని గానీ మాట్లాడదు. ఎందుకలా చేస్తున్నావని ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఆమే. ఆ ఇంట్లో నోరున్న చెవిటిది ఆమే అనాలి.

ఆ రోజే కొత్త పిల్లలకు నెల నిండింది. ఆరు పిల్లలు. రెండు పనులూ ఒక్క దెబ్బతో అయిపోతాయని తాతకు తోచింది. రుక్మణిని కొట్టం ముందు, కుక్కపిల్లలకు ఎదురుగా నిలబెట్టాడు. పళ్ళెం తీసుకుని ఆమె వెనక దూరంగా, వాకిలి దాకా వెళ్ళాడు.

ఆమెకు ముందున్నవి ఆరు తలలు. వాటి మీద నుంచి చూపు తిప్పలేదు. రెప్ప వేస్తే పోతాననుకుంది. ఒకటి మట్టి నాకుతోంది, రెండు కొట్లాడుకుంటున్నాయి. ఉన్నట్టుండి ఐదు తలలు ఒక్కసారే లేచి ఆమె వెనక్కి చూశాయి.

రుక్మణి గిర్రున తిరిగింది. నవ్వింది కూడా.

"చూసినారా?" తాత మొహం వెలిగిపోయింది.

"అయ్యా, కుక్కపిల్లల్ని చూసి తిరిగింది. అవి లేకుండా ఇంకోసారి కొట్టండి, మీకు పుణ్యముంటుంది." టీచర్ గబగబా వచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని భుజాలు పట్టుకుంది. ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది. "రుక్మణీ, భయపడొద్దు. నిజం చెప్పు. నిన్ను ఎవరూ ఏమీ చేయరు."

టీచర్ భుజం మీదుగా చూస్తే, బాలుసామి గోతం దులుపుతున్నాడు.

"టీచర్ అబద్ధం చెప్తా ఉంది తాతా," అంది రుక్మణి. "నాకు అన్నీ వినపడతాయి. చదవబుద్ధి లేదు నాకు, అంతే."

పుష్పం టీచర్ చేతులు ఆ భుజాల మీద నుంచి జారిపోయాయి. ఆ పిల్లకు ఊళ్ళో ఉన్న ఒక్క దిక్కూ అలా లేచి, చీర దుమ్ము దులుపుకుంది.

"ఆమా, అవును, చెవి బాగుంది. ఉండేదంతా తిమిరు, పొగరు," అన్నాడు తాత. "పెద్దింటి పిల్లకు చెవుడు అంటగట్టినారు టీచర్. రేపటి నుంచి మీరు పళ్ళికూడానికి రావద్దు. కమిటీకి నేను చెప్పుకుంటాను."

టీచర్ వెళ్ళిపోయింది. తల తిప్పని ఆరో పిల్ల ఇంకా మట్టి నాకుతూనే ఉంది. దాన్ని తెచ్చి బాలుసామికి ఇమ్మని తాత చేత్తో చూపించాడు. రుక్మణి ఎత్తుకుంది. అది ఆమె బొటనవేలు వెతుక్కుంది. దాన్ని పట్టుకుని కొట్టం వైపు నడుస్తుంటే వెనక నుంచి తాత తీర్పు చెప్పాడు.

"తిమిరెక్కినదానికి పళ్ళికూడం ఎందుకు? రేపటి నుంచి ఇంట్లోనే ఉండు. గడప దాటితే కాళ్ళు విరుస్తాను. వినపడిందా?"

రుక్మణి తిరగకుండా నడిచిపోయింది. కిటికీలో నుంచి ధనం అంతా చూసింది, తాత మాటా వింది. ఆ పగలంతా, ఆ సాయంత్రమంతా కూతురి గడ్డం పట్టి ఆ మాట చెప్పడానికి ఆమెకు చేతులు రాలేదు.

తెల్లారింది. రుక్మణికి నాలుగేళ్ళలో అంత తేలికైన పొద్దు లేదు. పరీక్ష అయిపోయింది, తాను నెగ్గింది, ఇక ఎవరూ అడగరు. రెండు జడలు వేసుకుని, పుస్తకాల సంచి భుజాన తగిలించుకుని గడప దాటింది.

మొదటి దెబ్బ వెనక నుంచి పడింది. తిరిగి చూస్తే తాత. చేతిలో కుక్కలకు కట్టే తోలువారు.

"నిన్న అంత గట్టిగా చెప్పినాను! వినపడిందా, లేదా?"

ఆమె ఆ పెదవులనే చూసింది. ఏం చెప్పాడో తెలియదు. ఎప్పుడు చెప్పాడో తెలియదు. లేదు అన్న ఒక్క మాట అంటే చాలు, ఆ చెయ్యి ఆగిపోయేదేమో. కానీ తాత వెనక, కొట్టం గోడ మీద, బాలుసామి నిన్నటి గోతాన్ని ఎండకు ఆరేస్తున్నాడు.

"వినపడింది తాతా," అంది. "నేనే మొండికేసినాను."

తోలువారు మళ్ళీ లేచింది. రుక్మణి సంచి జాగ్రత్తగా కింద పెట్టి, వీపు తిప్పి నిలబడింది.