నేల మీద పడ్డ సినిమా

పెళ్ళయిన కొత్తలో అందరూ ఎక్కడెక్కడికో వెళతారు. మేము ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్ళో, మార్టెన్ థియేటర్ ప్రొజెక్టర్ గదిలో నా మొగుడు ఆర్లో పక్కన కూర్చుని ఉన్నాను. చిన్న కిటికీలోంచి వెలుగు దూసుకుపోతుంటే, అందులో తేలే దుమ్మును చూసి మురిసిపోతున్నాను. ఆర్లో చొక్కా పాప్‌కార్న్ వెన్న వాసన వేస్తోంది. ఇంతకంటే ఏం కావాలి?

ఆ గదిలో బల్లంత వెడల్పున్న ఇనుప పళ్ళాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒక పళ్ళెంలోని ఫిల్ము ప్రొజెక్టర్‌లోకి వెళ్ళి, తిరిగొచ్చి, ఇంకో పళ్ళెం మీద చుట్టుకుంటుంది. సినిమా సగం దాటాక ఆ చుట్టుకునే పళ్ళెం ఆగిపోయింది. మోటారు కాలిన కంపు కొట్టింది.

ఆర్లో ముఖం పాలిపోయింది. ఆ చలికాలంలో అప్పటికే రెండుసార్లు ఆట మధ్యలో ఆగి, జనం తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. మూడోసారి ఆట పోతే థియేటరే మూసేస్తానని యజమానురాలు వెర్నా లిండ్‌హోమ్ చెప్పేసింది. అన్నంత పనీ చేసే ముసలామె. ఆర్లోకి ఈ పని తప్ప ఇంకోటి చేతకాదు, చెయ్యాలనీ లేదు.

నేను లేచి పళ్ళెం అంచు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను.

"మెల్లగా. లాగితే తెగుతుంది, వదిలితే జారుతుంది" అన్నాడు.

"నా కాలేజీ చదువు ఇందుకన్నమాట."

"వాగకుండా తిప్పవే తల్లీ."

భుజాలు లాగేస్తున్నాయి. అయినా, ఒట్టు, సంతోషంగానే ఉంది. సినిమా మొత్తం నా చేతుల్లో నడుస్తోంది. నేను అలిసిపోతే ఆర్లో, ఆర్లో అలిసిపోతే నేను. చేతులు మార్చుకున్న ప్రతిసారీ వాడు నా మెడ మీద ఒక ముద్దు పెట్టేవాడు. అలా ఒక ముద్దు దగ్గర నేను వదిలేశాను, వాడింకా పట్టుకోలేదు.

"నువ్వు పట్టుకున్నావనుకున్నా" అన్నాను.

అప్పటికే ఫిల్ము మెలికలు తిరిగి నేల మీద కుప్పపడుతోంది. ఆర్లో చెయ్యి ప్రొజెక్టర్‌ని ఆపే మీట మీదికి వెళ్ళింది. కిటికీలోంచి కిందికి చూశాను. మంచు బూట్ల పిల్లలు సీట్ల మీద నిలబడి, నోళ్ళు తెరుచుకుని తెరకేసి చూస్తున్నారు. ఆర్లో మణికట్టు పట్టుకున్నాను.

"ఆపకు. పడనీ."

"పడితే సాయంత్రం ఆట ఉండదు."

"ఆపితే ఇప్పుడే ఏమీ ఉండదు. తర్వాత చిక్కు తీద్దాం."

పడనిచ్చాం. సినిమా పూర్తయింది. కింద చప్పట్లు కొట్టారు. మేము మోకాళ్ళ మీద కూర్చుని చిక్కు తియ్యబోయాం. ఒకచోట విప్పితే మూడుచోట్ల ముడిపడింది. తొందరలో నేను లాగిన చోట తెగింది, తొక్కిన చోట గీతలు పడ్డాయి. వీధివైపు కిటికీలోంచి చూస్తే, సాయంత్రం ఆటకి జనం చేరుతున్నారు.

వెర్నా మెట్లెక్కి వచ్చింది. పిల్లలు నవ్వుకుంటూ వెళ్ళారని చెప్పబోయి, నేలకేసి చూసి ఆగిపోయింది.

"సాయంత్రానికి లేస్తుందా, నాయనా?"

"లేవదు, వెర్నా గారూ."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. కిందికి వెళ్ళి, వరుసలో ఉన్నవాళ్ళకి ఏదో చెప్పి పంపేసింది. తర్వాత పొడవాటి కర్ర తీసుకుని, గుమ్మం పైన బోర్డు మీది సినిమా పేరులో అక్షరాలు ఒక్కొక్కటే ఊడదీయసాగింది. సరస్సు మీది గాలికి కర్ర ఊగిపోతోంది. ఆర్లో కోటు కూడా వేసుకోకుండా దిగి వెళ్ళి, ఆమె చేతిలోంచి కర్ర అందుకున్నాడు. మిగిలినవి తనే దించాడు.

నేను ఫిల్ము కుప్పలో కూర్చుని ఇంకా దాని కొస కోసం వెతుకుతూనే ఉన్నాను.