హాల్లోంచి వంటింట్లోకి

నేను ఒక ఫ్రిజ్‌ని. చల్లదనం నా వృత్తి, గర్వం నా స్వభావం. గర్వం ఫ్యాక్టరీలో పెట్టింది కాదు, తణుకులో భాస్కరం గారింట్లో అబ్బింది. ఇరవై రెండేళ్ల క్రితం ఆ వీధిలోకి వచ్చిన మొదటి ఎర్ర ఫ్రిజ్‌ని నేనే. వంటింట్లో పెడితే ఎవరు చూస్తారని ఆయన నన్ను హాల్లో, వీధి గుమ్మానికి ఎదురుగా నిలబెట్టాడు. నెత్తిన లేసు గుడ్డ, ప్లాస్టిక్ గులాబీలు. వచ్చినవాళ్లందరూ నన్ను చూసేవారు. నాతో పనిపడేది మాత్రం ఆయన భార్య సత్యవేణికి. పెరుగుకొకసారి, పచ్చిమిరపకాయలకొకసారి వంటింట్లోంచి నడిచొచ్చేది. ఈమధ్య తలుపు తీసేముందు నన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగుతోంది. మోకాళ్ల నొప్పులు.

వంటింట్లోకి జరుపుదామంటే నా వెనక చక్రాలు రెండూ విరిగిపోయాయి. మెకానిక్ చూసి, "ఈ మోడల్‌వి ఇప్పుడు రావట్లేదమ్మా, కొత్తది తీసుకోండి" అన్నాడు.

భాస్కరం కళ్లు మెరిశాయి. "రెండు తలుపులది కొందామే. హాలు నిండుగా ఉంటుంది."

"హాలు నిండితే నా మోకాళ్లకేం ఒరుగుతుందండీ?"

మర్నాడు సత్యవేణి విరిగిన చక్రం కొంగున ముడేసుకుని ఇనప సామాన్ల కొట్టుకెళ్లి, ఆ కొలతవే రెండు తెచ్చింది. నన్ను ఖాళీ చేసి పరుపు మీద బోర్లా వాల్చారు. ఇన్నాళ్లూ ముఖమే చూపినవాణ్ణి. వీపంతా బూజుతో బయటపడ్డప్పుడు నాకు కలిగింది సిగ్గని ఇప్పటికీ ఒప్పుకోను. ఆమె తడిగుడ్డతో తుడిచి చక్రాలు బిగించసాగింది. భాస్కరం టార్చి పట్టుకున్నాడు, వెలుగు మాత్రం గోడ మీద పడుతోంది.

"చక్రం మీద వెయ్యండి. గోడకేం జబ్బు చెయ్యలేదు."

నన్ను లేపి, కాస్త వెనక్కి వాల్చి వీపువైపుగా దొర్లించారు. ఆయన లాగుతున్నాడు, ఆమె తోస్తోంది. ఎంత హాయో! వంటింటి గడప దగ్గర ఆగిపోయాను. చక్రాలు కొలిచిన మనిషి గడపను మరిచింది. ముప్ఫయ్యేళ్లుగా తొక్కకుండా దాటింది కదా, కాలికి తగలనిది మనసుకీ తగలదు.

"చూశావా, దానికి హాలే రాసిపెట్టుంది" అన్నాడాయన, సంతోషంగా.

ఆమె గడపకు వాలుగా ఒక చెక్క వేసింది. "ఇప్పుడు లాగండి. ఆగండాగండి! కుడి చక్రం ముందు. మొదటిసారి లోపలికొస్తోంది."

"వెనక్కి నడిచేదానికి కుడేదే? దాని కుడా, మన కుడా?"

నాకూ తెలియలేదు. హాల్లో ఉన్నన్నాళ్లూ నాకు ముందువైపొక్కటే ఉండేది.

నవ్వుతూనే దాటించారు. సాయంత్రం ఆమె స్టూలు మీద కూర్చుని, లేవకుండా చెయ్యి చాపి నా తలుపు తీసింది. ఏమీ తీసుకోలేదు. మూసింది. మళ్లీ తీసింది.