ఇనుప గొట్టానికి చుట్టిన మోకు

నేను ఒక మోకును. నా మీద బరువు వేసిన మనిషి జారిపోవడం, అన్నిటికంటే ఎక్కువగా నేను భయపడేది దానికే. ఎండకు ఎండుతాను, వానకు బిగుస్తాను, అవన్నీ అలవాటే. ఈ ఒక్క భయమే అలవాటు కాలేదు.

మోకంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. తాటిచెట్టు ఎక్కే గౌడు తన నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడును నేను. నారా తోలూ కలిపి పేని, నూనె పట్టించి, నీడన ఆరబెట్టారు. మిర్యాలగూడకు అవతల ఒక ఊళ్ళో మల్సూరు గౌడు చేతికి వచ్చాను. ముప్పై ఏళ్ళు ఆయనతో పొద్దునా సాయంత్రం చెట్లెక్కాను. ఆయన వెనక్కి వాలితే నేను చెట్టును కరుచుకుంటాను. ఎంత వాలితే అంత గట్టిగా. నాకు వచ్చిన పని అదొక్కటే.

మనుషులు చిత్రమైనవాళ్ళు. పండగ వస్తే నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టేవాళ్ళు. ఆ పసుపు కింద పోగులు ఎట్లా ఉన్నాయో మాత్రం చూసేవాళ్ళు కాదు. ఒకసారి దేవుణ్ణి చేశాక ఒంట్లో ఎట్లా ఉందని అడగరు కాబోలు. ఇంట్లో ఆడవాళ్ళు నన్ను ముట్టకూడదు, దాటకూడదు. వాళ్ళ అన్నం నా మీదే నడిచినా సరే.

మల్సూరు మోకాళ్ళు అరిగాక కొడుకు లింగస్వామి నన్ను అందుకున్నాడు. మూడేళ్ళు గడిచాయో లేదో, తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఉన్న భూమి ప్లాట్లయింది. చెట్లన్నీ పడిపోయాయి. నన్ను గోడకు తగిలించారు.

లింగస్వామి భార్య రేణుక. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించారు. మూడేళ్ళ పిల్ల తల్లి. రైసు మిల్లులో నేల ఊడ్చే పనికి పోయేది. ఒకనాడు మధ్యాహ్నం అన్నానికి వచ్చి చెప్పింది.

"మిల్లు మీద వరి మొలిచిందయ్యా."

"మిల్లు మీద వరేంది?"

"రేకుల అంచుకు వాననీళ్ళు పోయే గట్టరు లేదా, దాంట్లె. తవుడు, ఊక బూడిద, పావురాల రెట్ట, అంత పేరుకున్నది. ఎవరో నాటేసినట్టు పచ్చగున్నది. మొన్నటి వానకు నీళ్ళు పొర్లి బస్తాల మీద పడ్డయి. సూపర్‌వైజరు నెత్తి కొట్టుకుంటుండు. ఎక్కి తీసే మనిషే దొరకడంట."

లింగస్వామి పిల్లకు ముద్ద పెడుతున్నవాడల్లా ఆగాడు. "కల్లు గీసిన చేత్తోటి రెట్ట ఎత్తాల్నా?"

"గీయనీకి కల్లేడున్నది ఇప్పుడు?" అంది రేణుక. "తాళ్ళెక్కినోనివి, రేకులెక్కలేవా?"

వాళ్ళ వ్యాపారం అట్లా మొదలైంది. దానికి పెట్టుబడి అంటూ ఏమీ లేదు. నిచ్చెన మిల్లు వాళ్ళది. పాత నూనె డబ్బాను కత్తిరించి, కర్రకు బిగించి గీకుడు పార చేసుకున్నారు. మురికి నింపడానికి చిరిగిన బస్తాలు, కిందికి దింపడానికి ఒక బకెట్టు. పడిపోకుండా నడుముకు కట్టుకుని హుక్కు తగిలించుకునే బెల్టు ఒకటి కొందామని రేణుక నాలుగైదుసార్లు అడిగింది. చేతిలో ఉన్నది దానికి చాలదు. అప్పుడు మల్సూరు మంచం మీద నుంచే నవ్వాడు.

"ఇంట్ల మోకు పెట్టుకొని దుకాణంల బెల్టు కొంటరా? ఊరు నవ్వుతది బిడ్డా."

లింగస్వామికి ఆ మాట నచ్చింది. నాకూ నచ్చింది, దాచడమెందుకు. గోడ మీద ఖాళీగా ఉండడం నాకు ఏమంత సుఖంగా లేదు.

రేణుకకు మాత్రం మనసు ఒప్పలేదు. పని మొదలయ్యే రోజు పొద్దున ఎవరూ చూడడం లేదనుకుని నన్ను దించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా బొటనవేలితో నొక్కి చూసింది. అన్నేళ్ళలో నన్ను అట్లా తడిమి చూసిన మనిషి ఆమె ఒక్కతే. తెగిన పోగు ఒక్కటీ దొరకలేదు. నిజంగానే నేను గట్టిగా ఉన్నాను. ఆపద నాలో లేదు, వేరేచోట ఉంది. అది ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

మొదటి రెండు మిల్లులు బాగానే గడిచాయి. అంచుకు గోడ ఉంది, వాలే పని పడలేదు. మూడో మిల్లులో నీళ్ళు దిగే తూము అంచుకు బయటగా ఉంది. పక్కనే రేకుల మీదికి లేచిన ఇనుప గొట్టం కనబడితే, లింగస్వామి నన్ను దానికీ తన నడుముకూ చుట్టి, చెట్టు మీద వాలినట్టే వెనక్కి వాలాడు. నేను కరుచుకుందామని చూశాను. కరవడానికి ఏమీ లేదు. తాటిచెట్టుకు గరుకు ఉంటుంది, గాట్లు ఉంటాయి. ఈ గొట్టానికి రంగు పూశారు, రంగు మీద తవుడు పొడి. సర్రున జారి గొట్టం మొదట్లో పడ్డాను. ఆయన కాళ్ళు రెండూ గాలిలోకి పోయాయి. రొమ్ము వచ్చి గట్టరు అంచుకు కొట్టుకుంది. మోచేతులు రెండూ ఇంకా తీయని మురికిలో కూరుకుపోయాయి. ఆ రోజు ఆయన్ను పట్టుకున్నది ఆ మురికే. నేను వదులుగా వేలాడుతున్నాను.

కింద ఉన్న రేణుక హమాలీలతో కలిసి నిచ్చెన ఈడ్చుకొచ్చి ఆయన పాదాల కింద పెట్టింది.

వాళ్ళు ఇంటికి వచ్చాక మల్సూరు అన్నాడు, "ఆడదాని చెయ్యి తగిలింది మోకుకు. ఆ పొద్దు నేను చూసిన."

"నా చెయ్యి తగిలినంక రెండు మిల్లులు మంచిగనే అయినయి గదా మామా," అంది రేణుక. "ఇనుము తాటిచెట్టు కాదు."

మల్సూరు నన్ను ఒళ్ళో పెట్టుకుని, గొట్టానికి రాసుకుని నున్నబడిన చోట చాలాసేపు వేలు ఆనించాడు. "గరుకు లేంది మోకు ఆగది. నాకు ఎరికే. నేను చెప్పాల్సింది బిడ్డా," అన్నాడు మెల్లగా. ఆయన తప్పు ఒప్పుకోవడం నేను విన్నది అదే మొదలు.

లింగస్వామి దెబ్బలు పది రోజుల్లో మానాయి. కానీ నిచ్చెన మూడో మెట్టు మీద కాళ్ళు వణకడం మానలేదు. బయట నడుము నొప్పి అని చెప్పుకున్నాడు. వానలకు ముందే చేస్తామని ఇంకో రెండు మిల్లులకు మాట ఇచ్చి ఉన్నారు. రేణుక వచ్చిన కూలితో ముందుగా బెల్టు కొన్నది. భర్త ప్యాంటూ చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టి తనే ఎక్కింది. రేకు పగలకుండా బోల్టుల వరస మీదే అడుగు వేయాలని ఆమెకు నేర్పింది లింగస్వామే, ఇంట్లో కూర్చుని, నేల మీద బొగ్గుతో గీసి.

ఇప్పుడు నేను మళ్ళీ గోడకే ఉన్నాను. అలసిపోయాను, కానీ నిద్ర పట్టదు. నా కింద లింగస్వామి పిల్లను ఆడిస్తుంటాడు. మబ్బు పడితే గుమ్మం దాకా పోయి వస్తాడు. రేణుక పైన ఉంటే కింద నిలబడి చూడలేడు, తల తిరుగుతుంది. మల్సూరు అంత దూరం నడవలేడు. మిల్లువాళ్ళు ఎవరి పనిలో వాళ్ళుంటారు. లింగస్వామి ఎక్కినప్పుడు కింద ఆమె ఉండేది. ఆమె ఎక్కితే కింద ఎవరూ లేరు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. వానలకు ముందు మీరు ఆ మిల్లుల రోడ్డున పోతుంటే, రేకుల అంచున మగచొక్కా వేసుకుని తువ్వాలు చుట్టుకున్న మనిషి కనబడితే, బండి కాసేపు ఆపండి. అరిచి పిలవొద్దు, ఉలిక్కిపడుతుంది. ఆమె తనంతట తాను మీ వైపు చూసేదాకా ఆగి, బెల్టు హుక్కు తగిలించిందో లేదో అడగండి. వీలైతే, ఆమె కిందికి దిగేదాకా అక్కడే ఉండండి.