అద్దాల గదిలో బావమరిది

అద్దాల గదిలో బావమరిదికి రాజభోగంగా ఉంది. తెల్లటి పక్క, మెత్తటి దిండు, పీల్చే గాలిని కూడా వడగట్టి పంపిస్తున్నారు. ముసుగు వేసుకున్న నర్సు మబ్బులోంచి వచ్చినట్టు వస్తుంది, కాస్త నెత్తురు తీసుకుంటుంది, మళ్లీ మబ్బులోకి పోతుంది. నిద్రమందు మహిమేమో, మంచం నీళ్ల మీద ఉన్నట్టు మెల్లగా ఊగుతోంది. ఆ ఊపులో పొడవాటి పైపులు కనిపించేవి. వాటి వెంట బావ తాపీగా నడిచిపోతుండేవాడు. ఎంత పిలిచినా వెనక్కి తిరిగేవాడు కాడు.

ఇద్దరిదీ ఒకటే పని. పైపుల అతుకుల్లో పగుళ్లున్నాయేమో రేడియేషన్‌తో ఫొటో తీసి చూడటం. ఎవరి ఒంటికి ఎంత తగిలిందో చెప్పడానికి చొక్కాకు బ్యాడ్జీ ఉంటుంది. అది హద్దు దాటితే పని మానిపించి కూర్చోబెడతారు. బావ హద్దు దగ్గరికి వచ్చేశాడు. అందుకే ఇద్దరూ గుట్టుగా బ్యాడ్జీలు మార్చుకున్నారు. ఆ రోజే, ఫొటో తీశాక పెట్టెలోకి తిరిగి వెళ్లాల్సిన, రేడియేషన్ చిమ్మే గుళిక గొట్టంలో ఇరుక్కుపోయింది. ఆ సంగతి తెలియక బావ ఆ గొట్టం పట్టుకునే పనిచేశాడు. బ్యాడ్జీ మీద పేరు మాత్రం బావమరిదిది, అందుకే అందులో లెక్క చూసి ఆసుపత్రికి పంపింది అతన్నే.

"నోరెత్తావంటే ఇద్దరి ఉద్యోగాలూ గోవిందా. నాకేం కాలేదురా, గుండ్రాయిలా ఉన్నాను," అన్నాడు బావ. ఈ వెర్రిబాగులవాడు సరేనని అంబులెన్సు ఎక్కాడు.

"అంత రేడియేషన్ తగిలినా నీ రక్తకణాలు చెక్కుచెదరలేదయ్యా. నాకేమీ అంతుబట్టడం లేదు," అంది డాక్టరమ్మ. అతను ముసిముసిగా నవ్వి కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం అద్దానికి అవతల అక్క నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. గోడకున్న ఫోను అందుకుంది.

"ఎలా ఉన్నావురా?"

"నాకేంటక్కా, బాగున్నాను. బావ రాలేదే?"

"ఎలా వస్తారురా! ఆ రోజు నుంచీ ఒకటే వాంతులు. నీ మీద బెంగతో మెతుకు ముట్టడం లేదు. చేతులు కూడా ఎర్రగా కమిలిపోయాయి, ఎండకేమో అనుకున్నాం."

అతని మత్తంతా ఒక్కసారిగా దిగిపోయింది.

"అక్కా, అది బెంగా కాదు, ఎండా కాదు. రేడియేషన్ తగిలింది బావకి. నా బ్యాడ్జీ ఆయన పెట్టుకున్నాడు. ఈ మంచం ఆయనది."

తమ్ముడికి గండం తప్పిందన్న సంతోషం అక్క మొహంలోకి రాబోయి సగంలోనే ఆగిపోయింది. ఫోను వదిలేసి పరుగు తీసింది.

అతను మంచం దిగి నర్సును కేకేశాడు. "మా బావకి బండి పంపించండమ్మా. ఆయన వచ్చేలోగా ఈ దుప్పట్లు మార్చండి," అన్నాడు. ఇన్నాళ్లూ హాయిగా పడుకున్నందుకు అతనికి ఏడుపు ఆగలేదు.