కొత్త గీత వాళ్ళ ఆఫీసు పెరిగిన సంగతి

స్టెల్లా రోజూ పొద్దున్నే ఆఫీసు తాళం తీసి, చెప్పులు విడిచి, ముందు గోడలన్నీ ఒకసారి చూసి వచ్చేది. కిటికీలు తెరవడం, ఊడవడం, కంప్యూటర్లు ఆన్ చెయ్యడం అన్నీ ఆ తర్వాతే. రాత్రికి రాత్రి గది ఏమైనా పెరిగిందేమో చూసుకోకుండా చీపురు పట్టుకుంటే ఎక్కడిదాకా ఊడవాలో తెలియదు కదా.

తిరుపతిలో గాంధీరోడ్డు వెనక ఒక సందులో, పద్మాక్షమ్మగారి మేడ మీద ఉండేది ఆ ఆఫీసు. పేరు ‘కొత్త గీత’. కంపెనీలకి గుర్తులు, పాకెట్ల మీద బొమ్మలు, బోర్డులు, వెబ్‌సైట్లు చేసిపెట్టే పని. కోమలి మొదలుపెట్టినప్పుడు అది ఒక్క గది. ఆమే, కంప్యూటర్ పని చూసే అమర్‌నాథూ కూర్చుంటే, పని చెప్పడానికొచ్చిన మనిషి మెట్ల మీద నిలబడి మాట్లాడాల్సొచ్చేది. బొమ్మలు గీసే పనికి స్టెల్లా ఆ తర్వాత చేరింది.

పలమనేరు పాడి రైతుల సంఘానికి పాల పాకెట్టు మీద బొమ్మ వేసిచ్చిన మర్నాడు ఉత్తరం గోడకి ఒక బాల్కనీ వచ్చింది. మే నెల ఎండలో కూడా అక్కడ నిలబడితే పలమనేరు చలిగాలి తగిలేది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళ పని పూర్తయినాక, గుడ్డలు బారుగా ఆరేసుకోవచ్చు అన్నంత పొడుగు వరండా వచ్చింది. పులికాట్ ఒడ్డున ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళకి సంచుల మీద బొమ్మలు వేసిచ్చినాక ఒక చిన్న గది వచ్చింది. దాని కిటికీ గట్టు మీద పేరుకునే ఉప్పును స్టెల్లా వారానికోసారి తడిగుడ్డతో తుడిచేది.

సందులో నిలబడి చూస్తే మాత్రం మేడ ఎప్పటి మేడే. కరెంటు పని అతను వచ్చి, ఈసారి వైరు ఎంత పడుతుందని మాత్రం అడిగేవాడు. పద్మాక్షమ్మగారు పైకి వచ్చి కొత్త గోడను చేత్తో తట్టి, “పైన బరువెక్కితే కింద నాకు పగుళ్ళొస్తాయేమో, చూసుకోండమ్మా” అని దిగిపోయేది.

అందరూ అలవాటుపడ్డా స్టెల్లాకి మాత్రం కుతూహలం తీరలేదు. ఊరంతా కనబడేలా నగల దుకాణానికి హోర్డింగులు చేసినప్పుడు గది వీసమెత్తు కదల్లేదు. సందు చివర ఇడ్లీబండి నడిపే పాల్‌కి ఒక సాయంత్రం తీరిగ్గా బోర్డు రాసిస్తే, తెల్లారేసరికి గోడలో చక్కటి గూడు.

“దేనికి పెరగతాదో, దేనికి పెరగదో ఎట్ల తెలిసేది అమరన్నా?” అని అడిగింది.

“పేరొచ్చే పనికి పెరుగుతుందనుకున్నా. నగల కొట్టుతో అదీ పోయింది,” అన్నాడు అమర్‌నాథ్.

“వానకి లెక్కలు కడతామా స్టెల్లా? పని చూడు,” అంది కోమలి.

స్టెల్లా సొంతూరు చిత్తూరు అవతల, మామిడితోటల మధ్య ఒక పల్లె. తల్లి చిన్నప్పుడే పోయింది. నాయన జయరావు తోటల్లో కాయకోత పనికి పొయ్యేవాడు. కిందటేడు కొమ్మ విరిగి చెట్టు మీద నుంచి పడినాడు. తుంటి ఎముక అతికింది కానీ, కర్ర లేకుండా నడవలేడు, మెట్లు అసలే ఎక్కలేడు. ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఫోన్లో మాత్రం “నాకేం, బాగుండా” అనేవాడు. బావి దగ్గర జారిపడి సాయంత్రం దాకా లేవలేక అక్కడే ఉన్నాడన్న సంగతి పక్కింటోళ్ళు చెబితేగాని స్టెల్లాకి తెలియలేదు.

నాయనను తెచ్చుకుందామని ఆమె తిరుపతంతా ఇల్లు వెతికింది. ఆమె ఉండే హాస్టల్లోకి మగవాళ్ళను రానివ్వరు. టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళితే, పేరు అడిగేదాకా అందరూ బాగానే మాట్లాడేవాళ్ళు. పేరు చెప్పగానే ఒకరికి ఎవరో బంధువు గుర్తొచ్చేవాడు, ఇంకొకరికి ఇల్లు ఖాళీ లేదని అప్పుడే గుర్తొచ్చేది.

పద్మాక్షమ్మగారి మేడ కింద, వెనకవైపు వాటా కొన్నాళ్ళుగా ఖాళీగానే ఉంది. స్టెల్లా ధైర్యం చేసి ఆమెనూ అడిగింది. ఆమె పైట కొంగు సర్దుకుంది.

“నువ్వు మంచిపిల్లవే. నాకు తెలీదా? కానీ ఇంట్లో పూజలో పెరుమాళ్ళున్నారు. మీ వంటలు వేరు. మావాళ్ళు నన్ను బతకనివ్వరమ్మా.”

“సరేలెండమ్మా,” అని స్టెల్లా మెట్లెక్కి పైకి వచ్చేసింది. ఆ పూట ఆమె బొమ్మ వెయ్యలేకపోయింది.

ఆ నెలలోనే ఆమె ఊరి పక్కన మామిడి తాండ్ర చేసే ఆడవాళ్ళ సంఘం నుంచి పని వచ్చింది. తాండ్ర చుట్టే కాగితం మీదికి బొమ్మ కావాలి. స్టెల్లా పచ్చటి ఆకుతో బంగారు రంగు మామిడిపండు వేసి తీసుకుపోయింది. సంఘం పెద్ద పోలేరమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

“బాగుండాది మే. మా కాయి మాత్రం కాదు. ముక్కు యాడ దీనికి?”

తోతాపురి కాయకి చిలక ముక్కులాగా కొస వంగి ఉంటుంది. చిన్నప్పటినుంచీ చూసిన కాయే, బొమ్మలో మాత్రం ఎక్కడో చూసిన పండొకటి వచ్చి కూర్చుంది. స్టెల్లా సిగ్గుపడి, ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేసి, షెడ్డులో వాళ్ళ పక్కనే కూర్చుంది. కాయలు తుడిచింది, రసం పిండింది, చాపల మీద పూసింది. పోలేరమ్మ కాయను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కి చూసే తీరు ఆమెకు నచ్చింది. ఆ చేతినే గీసింది. ముక్కున్న కాయ, దాన్ని పట్టుకున్న చెయ్యి, ఆ చేతి మీద మామిడి సొన కాల్చిన నల్లటి మచ్చలు.

“మచ్చలు తీసేద్దామా? తినే వస్తువు కదా,” అన్నాడు అమర్‌నాథ్.

“తీస్తే అది ఎవరి చెయ్యో అయిపోతాదన్నా. మా నాయన చేతికీ ఉండాయి అయ్యి.”

కోమలి ఇద్దరి మొహాలూ చూసి, “ఉండనీ,” అంది.

బొమ్మ అచ్చుకి పోయింది. సంఘం వాళ్ళు ఫోన్ చేసి, ఆ చెయ్యి నాదంటే నాదని అందరూ తగువు పడుతున్నారని చెప్పినారు. మర్నాడు పొద్దున స్టెల్లా గోడలన్నీ చూసింది. ఏమీ పెరగలేదు. ఆ వారమంతా చూసింది. గోడలు కదల్లేదు.

నాయన మళ్ళీ పడినాడని ఫోనొచ్చిన రోజు ఆమె కోమలితో చెప్పేసింది. “నేను ఊరికి పోతానక్కా. ఆయన్నిట్ల వదిలేసి ఈడ బొమ్మలేసుకుంటా ఉండలేను.”

కోమలి లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

ఊరి నుంచి, నాయనకు మేనల్లుడు వరసైన సుకుమార్ తన వ్యానులో సామాను కోసం వచ్చినాడు. హాస్టల్లో పెట్టే, పరుపూ ఎత్తుకుని, ఆఫీసు సందులో బండి ఆపినాడు. ముందు సీట్లో జయరావు. బిడ్డ పనిచేసిన చోటు ఒకసారైనా చూడాలని పట్టుబట్టి వచ్చినాడు కానీ మెట్లు చూసి, “నేనీడే ఉంటా, నువ్వు పోయి తెచ్చుకో పాపా” అన్నాడు. స్టెల్లా పైకి పోయింది.

ఆమె బల్ల సొరుగులోంచి రంగు పెన్సిళ్ళు తీసి డబ్బాలో పెడుతోంది. అమర్‌నాథ్ ఆమె ఫైళ్ళు వేరే కంప్యూటర్లోకి మారుస్తున్నాడు. వరండా చివర కర్ర చప్పుడైంది. కోమలితో సహా ముగ్గురూ అటు చూసినారు. జయరావు నిదానంగా నడిచి వచ్చి, గోడల మీది బొమ్మలు చూస్తూ నిలబడినాడు.

“మెట్లెట్ల ఎక్కినావు నాయనా?” అంది స్టెల్లా, పెన్సిళ్ళ డబ్బా పట్టుకునే.

“మెట్లా? యాడుండాయి మెట్లు? ఎండ కొడతా ఉంటే బండి దిగి ఎనకపక్క నీడకి పొయినా. ఆడ తలుపు తీసుండాది. ఇల్లెవురిదో అనుకుంటా వచ్చినా. సూస్తే నువ్వుండావు.”

వరండా చివర, నిన్నటిదాకా ఉత్త గోడగా ఉన్నచోట, వాకిలి ఉంది. దాటితే ఒక గది. గది వెనక వంటగట్టు, పక్కన స్నానాలగది. గోడ పొడుగునా, మనిషి చెయ్యి ఆనుకునే ఎత్తులో, నున్నటి కొయ్య పట్టీ. మేడ మీది గదే అయినా, అవతలి తలుపు తీస్తే సందు. నేల. ఒక్క మెట్టు కూడా లేదు. తలుపు ముందు ఎవరిదో కుక్క పడుకుని నిద్రపోతోంది.

కోమలి ఆ పట్టీ మీద చెయ్యి వేసి చివరిదాకా నడిచింది. “తాండ్ర పనిదే,” అంది మెల్లగా. “ఇన్నాళ్ళూ కడుతూ ఉన్నట్టుంది.”

ఇంతలో పద్మాక్షమ్మగారు మెట్లెక్కి వచ్చింది. గదిలోకి వచ్చి, అవతలి తలుపులోంచి సందులోకి పోయి, మేడ చుట్టూ తిరిగి మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. అప్పటికి ఆమెకి ఆయాసం వచ్చేసింది. జయరావు కర్ర మీద బరువు ఆనించి చేతులు జోడించినాడు.

“తల్లీ, ముందే చెప్పేది మంచిది. మేం చర్చికి పొయ్యేవాళ్ళం. మాంసం కూర గూడా వండుకుంటాం.”

పద్మాక్షమ్మగారు వంటగట్టు దగ్గరికి పోయి కుళాయి తిప్పింది. కాస్త గాలి వచ్చి, తర్వాత నీళ్ళు వచ్చినాయి. కట్టేసింది. కిటికీ తెరిచి, గాలి ఎటు పోతోందో చూసింది.

“పొగ సందులోకి పోతుంది,” అంది చివరికి. “నా వైపు రాదు. పొద్దున మోటరు వేసినప్పుడు నీళ్ళు పట్టిపెట్టుకో స్టెల్లా. మధ్యాహ్నం రావు.”

ఆమె దిగిపోతుంటే స్టెల్లా వెనకే మెట్ల దాకా పోయి నిలబడింది. పద్మాక్షమ్మగారు వెనక్కి తిరిగి చూడలేదు.

కింద సుకుమార్ హారన్ కొట్టినాడు. జయరావు సందువైపు తలుపులోంచి బయటికి తొంగిచూసి కర్ర ఊపినాడు.

“పెట్టే, పరుపూ ఈడ దించు రా. దించి ఊరికి పో. నా మంచం, గిన్నెలు, మీ అత్త ఫోటో ఎత్తుకోని రా.”

“కోళ్ళో, మామా?”

జయరావు మెట్లవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించినాడు. “కోళ్ళు పక్కింటోళ్ళకిచ్చెయ్. పాపం, ఆయమ్మ ఇప్పటికే శానా ఓర్చుకునింది.”